పంటి స్కాన్‌లో దొంగ చారలు



ఈమధ్య పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది చేతిలో ఓ సీడీయో, ఫోన్లో ఓ లింకో ఉంటోంది. అది దవడ సీటీ స్కాన్. ఇంప్లాంట్ వేయడానికి ఎముక సరిపోతుందా, అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం నరానికి ఎంత దగ్గరగా ఉంది, రూట్ కెనాల్ చేసిన పన్ను మళ్లీ ఎందుకు నొప్పి పెడుతోంది, ఇలాంటివి తేల్చడానికి మామూలు ఎక్స్‌రే చాలనప్పుడు డాక్టర్లు దీన్ని రాస్తారు. కోన్ బీమ్ సీటీ అంటారు, పొట్టిగా సీబీసీటీ. మిషన్ తల చుట్టూ ఒక్కసారి తిరుగుతుంది. పది, ఇరవై సెకన్లలో పని అయిపోతుంది.

ఆ స్కాన్‌ను కంప్యూటర్లో తెరిచి, పళ్ల వరుసను అడ్డంగా కోసి చూపించే స్లైస్ దగ్గరికి వెళ్దాం. నోట్లో లోహమేదీ లేనివాళ్లదైతే పళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. పైన ఎనామిల్ తెల్లగా, దాని లోపల డెంటిన్ బూడిద రంగులో, నడుమ నరముండే గది నల్లగా. అదే రెండు మెటల్ క్యాపులు, ఒక సిల్వర్ ఫిల్లింగ్ ఉన్నవాళ్లదైతే ఈ నాజూకంతా పోతుంది. క్యాపు నుంచి తెల్లటి గీతలు నలుదిక్కులకూ చిమ్ముతాయి. క్యాపుకీ క్యాపుకీ మధ్య నల్లటి పట్టీ పడుతుంది. పక్కనున్న మంచి పన్నుకు కూడా పుచ్చు పట్టినట్టు కనిపిస్తుంది.

ఆ గీతలూ పట్టీలూ నోట్లో లేవు, స్కాన్‌లోనే ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయి, కంప్యూటర్ లెక్కలతో వాటిని ఎలా తగ్గిస్తారు, తగ్గించాక మిగిలిన బొమ్మను ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఇవాళ్టి ప్రసంగం.

దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. లేకపోయినా పరవాలేదు, చిన్న లెక్కే. నాలుగు గళ్లు గీయండి, పైన రెండు, కింద రెండు. పై వరుసలో 5, 2 వేయండి. కింది వరుసలో 3, 4. ఇప్పుడు మొత్తాలు కడదాం. అడ్డంగా కూడితే పై వరుస 7, కింది వరుస కూడా 7. నిలువుగా కూడితే ఎడమ పక్క 8, కుడి పక్క 6. ఐమూలగా కూడితే 5కూ 4కూ కలిపి 9, 2కూ 3కూ కలిపి 5. ఇక గళ్లలోని అంకెలు చెరిపేసి, ఈ ఆరు మొత్తాలు మాత్రం ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. కాసేపు ఆలోచించి నాలుగు అంకెలనూ తిరిగి రాబట్టేస్తారు.

సీటీ చేసే పని ఇదే. ఒక్కో ఎక్స్‌రే కిరణం తన దారిలో తగిలిన అడ్డంకి మొత్తాన్ని మాత్రమే చెబుతుంది. ఏ చోట ఎంత అడ్డంకి ఉందో చెప్పదు. అన్ని వైపుల నుంచీ తీసిన మొత్తాలతో లోపలి అంకెలను కంప్యూటర్ రాబట్టాలి. ఇది సాధ్యమేనని ఆస్ట్రియా గణిత శాస్త్రవేత్త యోహాన్ రాడాన్ 1917లోనే గణితపరంగా చూపించాడు. ఆ లెక్కను మనిషి తల మీద చేసి చూపిన యంత్రం రావడానికి మరో యాభై ఏళ్లు దాటింది. 1971 అక్టోబరు 1న లండన్ దగ్గర వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో తొలి రోగికి స్కాన్ తీశారు. ఆ బొమ్మలో గళ్లు అడ్డం 80, నిలువు 80. ఇవాళ పొడవు, వెడల్పు, ఎత్తు ఎనిమిదేసి సెంటీమీటర్లున్న దవడ భాగాన్ని 0.2 మిల్లీమీటర్ల గళ్లుగా విడగొడితే 6 కోట్ల 40 లక్షల గళ్లవుతాయి.

ఇక్కడ మనవాళ్ల పేర్లు రెండు చెప్పుకోవాలి. సరిగ్గా ఆ 1971లోనే జి.ఎన్.రామచంద్రన్, ఎ.వి.లక్ష్మీనారాయణన్ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఈ గళ్ల లెక్కను అప్పటి పద్ధతులకంటే తేలిగ్గా, వేగంగా తేల్చే దారి అందులో చూపించారు. మొత్తాలను ముందు ఒక ఫిల్టర్‌తో సవరించి, ఆ తర్వాత వచ్చిన దారినే వెనక్కి పరచాలి. ఆ ఫిల్టర్‌ను ప్రపంచమంతా ఇప్పటికీ వాళ్ల పేర్లు కలిపి రామ్-లాక్ అనే పిలుస్తోంది. 1984లో ఫెల్డ్‌క్యాంప్, డేవిస్, క్రెస్ అనే ముగ్గురు కోన్ ఆకారపు ఎక్స్‌రే పుంజానికి సరిపోయే లెక్క రాశారు. వాళ్లు పనిచేసింది ఆసుపత్రిలో కాదు, ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధన విభాగంలో. 1990ల చివర్లో ఇటలీలో, జపాన్‌లో పళ్ల కోసం ప్రత్యేకంగా యంత్రాలు వచ్చినప్పుడు వాటికి పునాది అయింది ఆ లెక్కే.

ఇప్పుడు మన నాలుగు గళ్ల దగ్గరికి వద్దాం. పై వరుస గుండా వెళ్లిన కిరణానికి లోహం తగిలి, 7 చెప్పాల్సింది 5 అని చెప్పిందనుకోండి. మిగతా అయిదు మొత్తాలూ నిజమే. లెక్క మళ్లీ కట్టండి. పై ఎడమ గడి కావాలంటే పై వరుస మొత్తానికి ఎడమ నిలువు మొత్తం కలిపి, ఐమూల 5 తీసేసి, సగం చేయాలి. 5కు 8 కలిపితే 13, అందులో 5 పోతే 8, సగం 4. అక్కడ నిజానికి ఉన్నది 5. దాని పక్కన 2 ఉండాల్సిన చోట 1 వస్తుంది. కింద ఎడమ 3 కాస్తా 4 అవుతుంది. కింద కుడి 4 కాస్తా 3 అవుతుంది.

తప్పు చెప్పింది ఒక్క కిరణం, చెడింది నాలుగు గళ్లూ. ఆ కిరణం తాకనైనా తాకని కింది వరుస కూడా చెడింది. మూడు గళ్లు తగ్గాయి, ఒకటి పెరిగింది. అంటే బొమ్మలో కొన్నిచోట్ల లేని నలుపు, కొన్నిచోట్ల లేని తెలుపు. ఇంకొక్కటి గమనించండి. ఈ కొత్త అంకెలతో కుడి నిలువును కూడితే 4 వస్తుంది, మనం కొలిచింది మాత్రం 6. మొత్తాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఆ పొసగని లెక్కే తెర మీద చారలుగా పడుతుంది. రామ్-లాక్ ఫిల్టర్‌కు అంచులను స్పష్టంగా చూపించే గుణం ఉంది. లోహం అంచు దగ్గర తప్పు ఉన్నట్టుండి మొదలవుతుంది కాబట్టి, ఆ ఫిల్టర్ తప్పును కూడా అంతే స్పష్టంగా పదును పెట్టి బొమ్మంతా పరుస్తుంది.

లోహం దగ్గర కిరణం ఎందుకు తప్పు చెబుతుంది? కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, అవతలికి చేరే కిరణాలే కరువవడం. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ ఎక్స్‌రేలను ఆపే శక్తి బాగా పెరుగుతుంది. ఇంప్లాంట్‌లో వాడే టైటానియం సంఖ్య 22. వెండిది 47, బంగారానిది 79, పాదరసానిది 80. సిల్వర్ ఫిల్లింగ్ అని మనం పిలిచే అమాల్గమ్ బరువులో దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రే నాలుగు మిల్లీమీటర్ల టైటానియాన్ని దాటితే సుమారు నాలుగో వంతు అవతలికి వస్తుంది. అంతే మందం అమాల్గమ్ అయితే రానట్టే. వచ్చిన ఒకటీ అరా కిరణాలను నమ్ముకుని లెక్క కట్టాలి.

రెండోది, ఎక్స్‌రే గొట్టం నుంచి ఒకే శక్తి ఉన్న కిరణాలు రావు, బలహీనమైనవీ బలమైనవీ కలగలిసి వస్తాయి. లోహంలో బలహీనమైనవి ముందే ఆగిపోతాయి, బలమైనవి దూసుకుపోతాయి. కిరణాలన్నీ ఒకే తీరువని నమ్మే లెక్కకు అవతలికి వచ్చినవాటిని చూస్తే అడ్డంకి తక్కువే అనిపిస్తుంది. మన ఉదాహరణలో 7 కాస్తా 5 అయింది ఇలాగే. రెండు క్యాపుల గుండా వరుసగా వెళ్లిన కిరణం విషయంలో ఈ తప్పు ఎక్కువవుతుంది, అందుకే నల్లపట్టీ వాటి నడుమ పడుతుంది. మూడోది, దారి తప్పి చెదిరిన కిరణాలు. సీబీసీటీలో కిరణాలను పట్టే పలక పెద్దది కాబట్టి ఇవి కూడా వచ్చి పడుతుంటాయి, ఇవీ అడ్డంకిని తక్కువ చేసి చూపిస్తాయి.

తెల్లగా ఉంటుంది కదా, దీంతో గొడవ లేదనుకునే జిర్కోనియా క్యాపు కూడా ఈ జాబితాలోదే. జిర్కోనియం సంఖ్య 40, టైటానియం కంటే అది వేసే చారలు ఎక్కువ. రూట్ కెనాల్‌లో నింపే గట్టాపెర్చాలో జింక్ ఆక్సైడ్, బేరియం సల్ఫేట్ వంటివి ఉంటాయి కాబట్టి అదీ సన్నటి చారలు వేస్తుంది. పాదరసం మీద మినమాటా ఒప్పందం వచ్చాక అమాల్గమ్ వాడకం తగ్గుతోంది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి దాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది. అమాల్గమ్ తగ్గినా క్యాపులూ ఇంప్లాంట్లూ పెరుగుతున్నాయి, కనుక ఈ సమస్య దానంతటదే పోయేది కాదు.

ఈ చారల వల్ల నష్టమేమిటంటే, అవి సరిగ్గా జబ్బు కనిపించే చోటే, జబ్బు కనిపించే తీరులోనే పడతాయి. క్యాపు అంచున నల్లటి మచ్చ పడితే పుచ్చులా ఉంటుంది. ఇంప్లాంట్ చుట్టూ నల్లటి వలయం పడితే ఎముక అరిగినట్టుంటుంది. రూట్ కెనాల్ చేసిన పంటి వేరు పక్కన సన్నటి నల్లగీత పడితే వేరు నిలువునా చిట్లినట్టుంటుంది. నిలువునా చిట్లిన వేరును సాధారణంగా తీసేయాల్సిందే. లేని పగులును ఉందనుకుంటే మంచి పన్ను పోతుంది.

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చేచోట దీని బరువు ఇంకా ఎక్కువ. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు, దానితో అంగిట్లో వచ్చే క్యాన్సర్ వైద్య గ్రంథాలకెక్కాయి. అలాంటి రోగికి రేడియేషన్ ప్లాన్ చేసేటప్పుడు ఏ కణజాలం కిరణాలను ఎంత పీల్చుకుంటుందో సీటీ అంకెల నుంచే లెక్కిస్తారు. పంటి ఫిల్లింగ్ వేసిన చారల వల్ల ఆ అంకెలు చెడితే, గడ్డ అంచు ఎక్కడో గీయడమూ కష్టమవుతుంది, డోసు లెక్కా తప్పుతుంది.

ఇక మందు సంగతి. ఫోటోలో మరకలు తుడిచినట్టు బొమ్మ మీద చారలను మెత్తగా చేసేస్తే పోదా అని మొదట తోస్తుంది. పోదు. చార మెత్తబడితే దాని కింద ఉన్న సన్నటి పగులూ మెత్తబడి మాయమవుతుంది. బొమ్మ తయారయ్యాక కాదు, తయారు కాకముందే, మొత్తాల దశలోనే తప్పును పట్టుకోవాలి.

ఈ దారిలో పేరున్న పద్ధతిని జర్మనీకి చెందిన విల్లీ కాలెండర్, ఆయన సహచరులు 1987లో ప్రచురించారు. ముందు చారలతోనే ఒక బొమ్మ తయారు చేస్తారు. అందులో లోహం ఎక్కడుందో గుర్తిస్తారు. ఆ లోహాన్ని తాకిన కిరణాలేవో లెక్కించి వాటి మొత్తాలను కొట్టేస్తారు. ఖాళీ అయిన చోట అటూఇటూ ఉన్న మంచి మొత్తాలను చూసి మధ్య విలువలు పూరిస్తారు. మళ్లీ బొమ్మ కట్టి, లోహాన్ని తిరిగి దాని చోట అతికిస్తారు. ఒక్క మాటలో, చిరిగిన చీరకు రఫూ చేయడం.

వినడానికి తేలిగ్గా ఉన్నా, లోహం ఎక్కడుందో గుర్తించడమే మొదటి చిక్కు. ఫలానా అంకె దాటితే లోహం అని ఒక గీత గీస్తారు. ఆ గీత కిందికి దింపితే గట్టి ఎనామిల్ కూడా లోహం లెక్కలోకి పోయి, మంచి పన్ను కొలతలు కొట్టేసినట్టవుతుంది. పైకి జరిపితే లోహం అంచులు మిగిలిపోయి చారలు వేస్తూనే ఉంటాయి. తెర ముందు కూర్చుని ఆ గీతను కాస్త కాస్త జరిపి చూస్తే, పక్క పంటి ఆకారమే మారిపోతూ కనిపిస్తుంది. గీత గీయాల్సిన బొమ్మే చారలతో చెడి ఉండటం మరో తలనొప్పి.

రెండో చిక్కు పూరించడంలో ఉంది. లోహాన్ని తాకిన కిరణం దానితోపాటు రెండు పళ్లను, దవడ ఎముకను కూడా దాటి వచ్చింది. మొత్తాన్ని కొట్టేస్తే వాటి సమాచారమూ పోతుంది. అటూఇటూ చూసి నున్నగా పూరిస్తే పాత చారలు తగ్గుతాయి గానీ, లోహం పక్క పళ్ల అంచులు కరిగిపోయి కొత్త చారలు పుట్టుకొస్తాయి. దీనికి 2010లో ఎస్తర్ మేయర్, మార్క్ కాహెల్‌రీస్ తదితరులు ఒక మెరుగు చూపించారు. గాలి, మెత్తటి కణజాలం, ఎముక ఎక్కడెక్కడున్నాయో ముందు ఒక ముతక నమూనా కడతారు. కొలిచిన మొత్తాలను ఆ నమూనా మొత్తాలతో భాగిస్తారు. ఎగుడుదిగుళ్లు తగ్గి లెక్క దాదాపు చదునవుతుంది. చదునైన చోట పూరించడం తేలిక. పూరించాక నమూనాతో మళ్లీ గుణించేస్తే ఎముక రూపు తిరిగి వస్తుంది. నమూనా సరైనదైతే ఫలితం చాలా బాగుంటుంది. నమూనాలో చారనే ఎముకగా పొరబడితే ఆ పొరపాటు తుది బొమ్మలోకి వచ్చేస్తుంది.

మరో దారి, కిరణాల అసలు స్వభావాన్నే లెక్కలోకి తీసుకోవడం. శక్తుల మిశ్రమాన్ని, కిరణాల కరువును గణితంలో పెట్టి, బొమ్మను ఊహించి, ఆ ఊహ నుంచి మొత్తాలు కట్టి, కొలతలతో పోల్చి, మళ్లీ మళ్లీ దిద్దుతారు. నమ్మకం తక్కువున్న కొలతకు విలువ తక్కువ ఇస్తారు. దీనికి కంప్యూటర్ శ్రమ, సమయం ఎక్కువ.

కొన్నేళ్లుగా న్యూరల్ నెట్‌వర్కుల మీద పని జోరుగా సాగుతోంది. లోహం లేని స్కాన్లు తీసుకుని, వాటిలో కంప్యూటర్‌తో కృత్రిమంగా లోహం పెట్టి, చారలు వేయించి, చారలున్నదీ లేనిదీ జంటలుగా చూపించి నేర్పిస్తారు. వేలకొద్దీ జంటలు చూశాక అది కొత్త స్కాన్‌లోని చారలను తీసేస్తుంది. ఫలితం కంటికి ఇంపుగా ఉంటుంది. భయమూ అక్కడే. మామూలు దవడ ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసు. సమాచారం లేనిచోట తనకు తెలిసిన మామూలు దవడనే గీసిపెట్టే ప్రమాదం ఉంది. ఇంప్లాంట్ పక్కన ఎముక నిజంగానే అరిగిన రోగికి నిండు ఎముకను చూపిస్తే, చారలున్న బొమ్మే నయం.

ఈ పద్ధతులన్నిటికీ వర్తించే సంగతి ఒకటుంది. లోహం మింగేసిన సమాచారాన్ని ఏ లెక్కా వెనక్కి తేలేదు. పక్క కొలతలనూ, ముందే తెలిసిన విషయాలనూ పట్టుకుని ఆ ఖాళీలో ఏముండొచ్చో ఊహిస్తుంది. మంచి ఊహ వైద్యానికి పనికొస్తుంది, కానీ అది కొలత కాదు. స్కాన్ సాఫ్ట్‌వేర్‌లో లోహం చారలు తగ్గించే మీట నొక్కినంత మాత్రాన వేరు పగుళ్లను గుర్తించడం మెరుగుపడలేదని చెప్పిన అధ్యయనాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. పగులు ఎక్కడుందో సరిగ్గా అక్కడే కొలతలు పోయాయి.

అందుకే జాగ్రత్తపరులైన డాక్టర్లు ఖాళీని ఊహతో కాక కొత్త కొలతతో నింపే వీలుంటే దానివైపే మొగ్గుతారు. ఇంప్లాంట్ ప్లానింగ్ దీనికి మంచి ఉదాహరణ. సీటీలో క్యాపుల దగ్గర పళ్ల పైభాగం చారల్లో మునిగిపోతుంది. అప్పుడు నోట్లో తిప్పే కెమెరా లాంటి ఇంట్రాఓరల్ స్కానర్‌తో పళ్ల, చిగుళ్ల ఉపరితలాన్ని కొలిచి, ఆ ఆకారాన్ని సీటీలోని ఎముకతో జత చేస్తారు. స్కానర్ మామూలు కాంతితో కొలుస్తుంది కాబట్టి లోహం చారలు దానికి అంటవు. ఎముక సీటీ చెబుతుంది, పంటి పైరూపు స్కానర్ చెబుతుంది.

స్కాన్ గదిలో చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. ఖర్చు లేనివి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు, క్లిప్పులు ముందే తీసేయాలి. చెవులకున్నవి, జడలోని పిన్నులు కూడా. ముక్కుపుడక దగ్గర మన ఇళ్లలో కాస్త బెట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి తీయని పుడక మర బిగుసుకుపోయి ఉంటుంది, అందరి ముందూ తీయడానికి మొహమాటమూ ఉంటుంది. పై పళ్ల స్కాన్ అయితే దాన్ని ఇంటి దగ్గరే తీసేసి వెళ్లడం మంచిది. చారలు ఎక్కువగా కిరణం తిరిగే తలంలోనే పరుచుకుంటాయి. కాబట్టి తల సరైన కోణంలో పెట్టి, పై పళ్లకూ కింది పళ్లకూ నడుమ దూది చుట్ట పెట్టి విడదీస్తే, కింది క్యాపుల చారలు పై పళ్ల మీదికి ఎక్కువగా రావు. మిషన్ తిరిగేటప్పుడు గుటక వేయకుండా కదలకుండా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. కదిలితే లోహం అంచు రెండు మూడు చోట్ల ఉన్నట్టు లెక్కలోకి వెళ్తుంది, చారలు రెట్టింపవుతాయి.

చివరగా రెండు మాటలు. స్కాన్ బాగా రావాలని ఉన్న ఫిల్లింగులూ క్యాపులూ పీకించుకోవాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. నోట్లో ఎక్కడెక్కడ లోహం ఉందో, ఏ పంటికి ఎప్పుడు రూట్ కెనాల్ అయిందో ముందే చెప్పండి. రిపోర్టులో క్యాపు పక్కనో, ఇంప్లాంట్ చుట్టూనో నల్లగా ఉందని రాస్తే గాభరా పడకండి, పన్ను తీయడానికి వెంటనే సరేననీ అనకండి. చారలు తగ్గించిన బొమ్మా, తగ్గించని బొమ్మా రెండూ పక్కపక్కన పెట్టి చూశారా అని డాక్టరు గారిని అడగండి. ఆ నలుపు రెండిట్లోనూ ఉందా, చిన్న ఎక్స్‌రే ఫిల్ములో కూడా కనిపిస్తోందా, చిగురు పక్కన ప్రోబు అనే సన్నటి పనిముట్టు పెట్టి చూస్తే లోతుగా దిగుతోందా అని అడగండి. వీటన్నిటికీ జవాబు అవుననే వస్తే ఆ నలుపు నిజంగా నోట్లోదే కావడానికి అవకాశం ఎక్కువ. రాకపోతే, పన్ను మీద నిర్ణయం తీసుకునే ముందు మరొక్క పరీక్షకు ఆగడం మంచిది.